పంటు దాటాకే ఉచితం

గవర్నమెంటు ఆసుపత్రిలో కాన్పుకు పైసా కట్టక్కర్లేదు. కడుపు కోసి బిడ్డను తీసినా అంతే. 2011లో మొదలైన జననీ శిశు సురక్షా కార్యక్రమం ప్రకారం మందులు, పరీక్షలు, అవసరమైతే రక్తం, ఆసుపత్రిలో ఉన్నప్పుడు భోజనం, ఇంటి నుంచి తీసుకెళ్ళే బండి, తిరిగి దిగబెట్టే బండి, అన్నీ ప్రభుత్వమే చూడాలి. కాగితం మీద ఇందులో లోటేమీ లేదు. కాకపోతే లంకలో, అంటే గోదావరి పాయల మధ్య దిబ్బ మీది ఊళ్ళో, ఉండే మనిషికి ఈ ఉచితమంతా ఆసుపత్రి గేటు దగ్గర మొదలవుతుంది. గేటు దాకా రావాలంటే పంటుకు, అంటే ఏరు దాటించే పెద్ద పడవకు ఇవ్వాలి, రేవు ఎక్కాక ఆటోకు ఇవ్వాలి. తనకూ తోడొచ్చిన మనిషికీ ఆ రోజు కూలి పోతుంది. పైగా "స్కానింగ్ బయట తీయించుకుని రండి" అన్నారంటే ఇంకో వెయ్యి దాకా చూసుకోవాలి. ఆసుపత్రికి వెళ్ళే ఆడవాళ్ళకు తోడు వెళ్ళే ఈ పనిలోకి దిగాక నేను మొట్టమొదట నేర్చుకున్నది ఈ లెక్క.

మాది కోనసీమ. అమలాపురానికి దగ్గర్లోని ఒక ఊళ్ళో ఇంటి వరండాలో మిషన్ పెట్టుకుని జాకెట్లు కుడతాను. చదివింది డిగ్రీ, అదీ కామర్స్. వైద్యం గురించి నాకేం తెలుసని ఎవరైనా అడిగితే చెప్పడానికి ఏమీ లేదు. కానీ కొలతలు తీసుకునేటప్పుడు ఆడవాళ్ళు మాట్లాడతారు. టేపు పట్టుకున్న మనిషి డాక్టరు కాదు, అత్తగారు కాదు, చుట్టమూ కాదు. ఒకమ్మాయి వచ్చి "కుట్లు కాస్త వదలండక్కా" అంటుంది. సంగతి అర్థమవుతుంది. అదే అమ్మాయి కొన్నాళ్ళకు వచ్చి మళ్ళీ బిగించమంటుంది, మొహం పాలిపోయి ఉంటుంది. ఏం వాడావమ్మా అంటే గర్భం పోవడానికి మెడికల్ షాపు బిళ్ళలు. వాళ్ళాయన తెచ్చాడు. ఎన్ని వారాలో ఎవరూ చూడలేదు, గర్భం సంచిలో ఉందో ట్యూబులో ఉందో ఎవరూ చూడలేదు. ఆ బిళ్ళలు 9 వారాల లోపు, డాక్టరు చూసి ఇస్తేనే వాడాల్సినవి. ట్యూబులో ఉన్న గర్భానికి అవి పనిచేయవు సరికదా, బ్లీడింగ్ అవుతోంది కదా పోయిందిలే అనుకుని ఇంట్లో కూర్చుంటే ప్రాణం మీదికొస్తుంది.

మా వీధిలో రిటైరయిన స్టాఫ్ నర్సు ఒకావిడ ఉన్నారు. పేరు రాయవద్దన్నారు, మేమంతా సిస్టర్ గారు అంటాం. ఉద్యోగంలో ఎక్కువ కాలం లేబర్ రూములోనే గడిపిన మనిషి. నేను ఇలాంటివి రెండు మూడు చెప్పేసరికి, "సలహాలు చెప్పేవాళ్ళు ఊరి నిండా ఉన్నారు. ఓపీలో పక్కన కూర్చునే మనిషి కావాలి. నువ్వు కూర్చుంటావా?" అని అడిగారు. సరేనన్నాను. అప్పటికే ఆవిడతో ఇంకో నలుగురైదుగురు ఉన్నారు: ఒక టీచరు, కాలేజీలో చెప్పే మేడమ్, కొబ్బరి పీచు పనికి వెళ్ళే ఒక పిన్ని, ఇలా. సంఘానికి పేరు లేదు, బోర్డు లేదు. నెలనెలా తలా కొంత వేసుకుంటాం. అది రానూపోనూ చార్జీలకు, టిఫినుకు, బయట రాసిన పరీక్షలకు.

ట్రైనింగ్ అంటే ఆదివారం మధ్యాహ్నాలు మా వరండాలోనే. సిస్టర్ గారు ముందు చెప్పింది ఏం చేయాలో కాదు, ఏం చేయకూడదో. మందు పేరు మన నోటి నుంచి రాకూడదు. ఆవిడ అడగనిదే ఆవిడ తరఫున మాట్లాడకూడదు. పుస్తకంలో పేర్లు రాయకూడదు. ఇంటికి వెళ్ళాక మీ ఆయనకు కూడా చెప్పకూడదు. గర్భం ఉంచుకోమంటారా వద్దంటారా అని అడిగితే మన అభిప్రాయం చెప్పకూడదు. కానుకలేమీ తీసుకోకూడదు. ఈ చివరిదాని మీద మా ఆయన, "వరదలప్పుడు ఎవరైనా పులస తెచ్చిస్తేనో?" అన్నాడు. పుస్తెలమ్మైనా పులస తినాలనే ఊళ్ళో పుట్టిన మనిషి మరి. ఇప్పటిదాకా ఎవరూ తేలేదు గనక ఆ రూలుకు పరీక్ష రాలేదు. అరటి గెలలు మాత్రం వచ్చాయి, తిప్పి పంపాం.

మొదట్లో నేను వాలంటీర్నని చెప్పుకునేదాన్ని. ఆ రోజుల్లో మా దగ్గర వాలంటీరంటే గ్రామ సచివాలయం వాలంటీరే. "మా అత్తకి పింఛను ఆగిపోయిందమ్మా, కాస్త చూడు" అనేవాళ్ళు. ఇంకొందరు, వీళ్ళు మన వివరాలు పైకి రాస్తారని నోరు విప్పేవాళ్ళు కాదు. దాంతో ఆ మాట మానేసి, "నేను జాకెట్లు కుట్టే అక్కని, తోడొచ్చాను" అని చెప్పడం మొదలుపెట్టాను. అదే పనిచేసింది.

మాకు ఎక్కువ పనుండేది ప్రతి నెలా తొమ్మిదో తారీఖున. ప్రధానమంత్రి సురక్షిత్ మాతృత్వ అభియాన్ అని 2016 నుంచి ఉంది. నాలుగో నెల దాటిన ప్రతి గర్భిణినీ ఆ రోజు డాక్టరు చూడాలి. బీపీ, రక్తం, మూత్రం, షుగరు పరీక్షలు చేయాలి. ప్రమాదం ఉన్నవాళ్ళ కార్డు మీద ఎర్ర స్టిక్కరు అంటిస్తారు. వినడానికి సులువుగానే ఉంది. ఉదయం తొమ్మిదికి వెళితే ఓపీ చీటీ లైను, ఆ లైనుకన్నా ముందు ఫోన్లో కోడ్ స్కాన్ చేసి టోకెన్ తీసుకోవాలి. ఫోను ఉన్నది భర్త దగ్గర, ఆయన రొయ్యల చెరువు దగ్గర. ఓటీపీ ఆయనకు వెళుతుంది. ఆయన సిగ్నల్లో ఉండడు. ఇక్కడ నాలాంటిదాని ఉపయోగం తెలుస్తుంది. నా ఫోన్లో చేయడం కుదిరితే చేస్తాను, కుదరకపోతే కౌంటరు దగ్గర "ఆధార్ ఉందండీ, దాంతో చేయండి" అని మర్యాదగా నిలబడతాను. గట్టిగా అరిస్తే పని కాదని సిస్టర్ గారు ముందే చెప్పారు. ఆ కౌంటర్లో కుర్రాడికి కూడా పొద్దుట్నించీ టీ ఉండదు.

ఎర్ర స్టిక్కరు పడగానే ఇంట్లో టెన్షన్ మొదలవుతుంది. మంచిదే. కానీ కొన్నిళ్ళలో ఆ టెన్షన్ ఇంకోలా తిరుగుతుంది: "రక్తం లేని పిల్లని అంటగట్టారు" అంటారు. ఆంధ్రలో సగానికి పైగా ఆడవాళ్ళకు రక్తహీనత ఉందని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. అలా అన్న అత్తగారికి పరీక్ష చేస్తే ఆవిడకూ ఉంటుంది. ఒకసారి నిజంగానే చేయించాం, ఉంది. ఆ తర్వాత కోడలితోపాటు ఆవిడా ఐరన్ బిళ్ళలు వేసుకున్నారు.

తొలికాన్పు పుట్టింట్లో అనే మన ఆచారం వల్ల ఒక చిక్కుంది, అది ఎవరూ పెద్దగా పట్టించుకోరు. పేరు నమోదయ్యేది అత్తగారి ఊళ్ళో. ఏడో నెలో తొమ్మిదో నెలో వచ్చేసరికి పిల్ల పుట్టింటికి వస్తుంది. పుట్టింటి ఊరి ఆశా కార్యకర్త "మా లిస్టులో లేదు" అంటుంది, అత్తగారి ఊరి ఆశా "మా ఊళ్ళో లేదు" అంటుంది. తల్లీబిడ్డల కార్డు మీద ఉన్న నంబరు ఎక్కడైనా చెల్లుతుంది గానీ ఆ కార్డు అత్తగారి బీరువాలో ఉండిపోతుంది. సీమంతం అయిపోయి సారె సర్దేటప్పుడు కార్డు కూడా పెట్టమని నేను చెప్పని ఇల్లు లేదు.

ఇప్పుడు పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ సంగతి. అదే కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 లెక్క ప్రకారం మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ళ మధ్య ఉన్న పెళ్ళయిన ఆడవాళ్ళలో దాదాపు 70 శాతం మంది ఆ ఆపరేషన్ (ట్యూబెక్టమీ) చేయించుకున్నారు. మగవాళ్ళకు చేసే వేసెక్టమీ చేయించుకున్నవాళ్ళు నూటికి ఒక్కరు కూడా లేరు. మిగతా పద్ధతులన్నీ కలిపినా లెక్కలోకి రావు. పెళ్ళి, వెంటనే ఒకరు, ఇంకో రెండేళ్ళకు మరొకరు, పాతికేళ్ళు రాకముందే ఆపరేషన్. మధ్యలో ఎడం కావాలంటే ఏం చేయాలో ఎవరూ చెప్పరు, ఎందుకంటే ఎవరూ అడగరు. నేను ఆపరేషన్‌కు వ్యతిరేకిని కాదు, నేనూ చేయించుకున్నదాన్నే. నాకు కూడా ఇంకో దారి ఉందని ఎవరూ చెప్పలేదు, అంతే నా బాధ.

ఒకమ్మాయికి ఇరవై మూడేళ్ళు, ఇద్దరాడపిల్లలు, చిన్నదానికి మూడు నెలలు. "మగపిల్లాడి కోసం ఇంకోటి చూద్దాం" అని భర్త, "ఆపరేషన్ చేయించేయండి" అని తల్లి. ఆ అమ్మాయిని అడిగిన పాపాన ఎవరూ పోలేదు. సిస్టర్ గారు అడిగితే, "నాకు మూడేళ్ళు ఏమీ వద్దండీ, తర్వాత చూసుకుంటా" అంది. గర్భం రాకుండా వేసే అంతర ఇంజెక్షన్ మూడు నెలలకొకటి, ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం. కాన్పయిన ఆరు వారాల తర్వాత పాలిచ్చే తల్లులు కూడా తీసుకోవచ్చు. ఛాయ బిళ్ళలున్నాయి, వాటిలో హార్మోన్లు లేవు. మొదటి మూడు నెలలు వారానికి రెండు, తర్వాత వారానికి ఒకటి. కాపర్ టీ ఉంది, ఒక రకం ఐదేళ్ళు, ఒక రకం పదేళ్ళు పనిచేస్తుంది. నర్సమ్మ అన్నీ చూపించాక ఆ అమ్మాయి ఇంజెక్షన్ కావాలంది.

అసలు కథ ఆ తర్వాత మొదలైంది. ఇంజెక్షన్ తీసుకుంటే నెలసరి తప్పుతుంది, కొన్నాళ్ళు చుక్కలు చుక్కలుగా కనిపిస్తుంది, తర్వాత చాలామందికి ఆగిపోతుంది. ఈ సంగతి ముందే చెప్పారు. చెప్పింది ఆ అమ్మాయికి, అత్తగారికి కాదు. ఆవిడ మా ఇంటి మీదకొచ్చారు. "ఆ చెడ్డరక్తమంతా ఎక్కడికి పోద్దండీ? తలకెక్కితే ఎవరు సమాధానం?" నేను జవాబు చెప్పలేదు, చెప్పకూడదు కదా. సిస్టర్ గారి ఇంటికి తీసుకెళ్ళాను. ఆవిడ కాఫీ ఇచ్చి, గర్భసంచి లోపల ప్రతి నెలా ఒక పొర పేరుకుంటుందనీ, అది రాలి బయటకు రావడమే నెలసరి అనీ, ఈ మందుతో ఆ పొర పెరగదు గనక రావడానికేమీ ఉండదనీ నిదానంగా చెప్పారు. అత్తగారు అంతా విని, "ఆయ్, మా రోజుల్లో ఈ ముక్క ఎవరూ చెప్పలేదండి" అన్నారు. ఒప్పుకున్నారని కాదు, గొడవ ఆపారు. ఇంజెక్షన్ ఆపేశాక మళ్ళీ గర్భం రావడానికి చాలామందికి ఏడు నుంచి పది నెలలు పడుతుందని కూడా అప్పుడే చెప్పేశారు, రేపు దానికీ గొడవ రాకుండా.

మా దగ్గర గల్ఫ్ ఇళ్ళు చాలా. భర్త కువైట్‌లో, రెండేళ్ళకొకసారి సెలవు మీద వస్తాడు. ఆవిడకు కావలసింది ఆ నెలకు సరిపడా జాగ్రత్త. కానీ ఆశాల దగ్గర ఉండేది అర్హులైన దంపతుల రిజిస్టరు. మొగుడు ఊళ్ళో లేని మనిషి బిళ్ళలడిగితే వీధిలో చెవులు కొరుక్కుంటారని భయం. వితంతువులు, విడిపోయినవాళ్ళు, పెళ్ళికానివాళ్ళు ఆ రిజిస్టరులో అసలే లేరు. అందరికీ సమానం అని గోడ మీద రాసి ఉంటుంది, రిజిస్టరు మాత్రం జంటలకే. కొందరు ఆశాలు మంచివాళ్ళు, చీకటిపడ్డాక ఇంటికి తెచ్చిస్తారు. అలా ఒకరి మంచితనం మీద నడిచేది ఎన్నాళ్ళు నడుస్తుంది?

పెళ్ళికాని ఒకమ్మాయి కేసు చెప్పాలి. ఊరు, చదువు, ఇంకేమీ రాయను, మేజరు అని మాత్రం చెబుతాను. గర్భం తీయించుకోవడానికి మొదట వెళ్ళిన చోట "భర్త సంతకం కావాలి, లేకపోతే నాన్న సంతకం" అన్నారు. అది చట్టంలో లేదు. గర్భస్రావం చట్టం 1971 నాటిది. పద్దెనిమిదేళ్ళు నిండిన ఆడమనిషి అయితే ఆవిడ ఒక్కతి సమ్మతి చాలు. 2021లో సవరించినప్పుడు, గర్భనిరోధక పద్ధతి విఫలమైన సందర్భం గురించి రాసిన చోట 'వివాహిత, ఆమె భర్త' అన్నది తీసేసి 'ఏ మహిళైనా, ఆమె భాగస్వామి' అని పెట్టారు. ఇరవై వారాల దాకా ఒక డాక్టరు చాలు, ఇరవై నుంచి ఇరవై నాలుగు వారాల మధ్య కొన్ని కేటగిరీల వాళ్ళకు ఇద్దరు డాక్టర్లు. 2022 సెప్టెంబరు 29న జస్టిస్ చంద్రచూడ్ ఉన్న సుప్రీంకోర్టు బెంచి, పెళ్ళికాని వాళ్ళకు ఈ విషయంలో తేడా చూపకూడదని తేల్చింది. ఇదంతా మా కాలేజీ మేడమ్ ఒక పేజీలో రాసిపెట్టారు. ఆ కాగితం చూపిస్తే అక్కడి మనిషి చదివి, "అవన్నీ ఢిల్లీలోనండి" అన్నాడు.

వాదించడానికి అది చోటు కాదు. చుట్టూ జనం, ఆ పిల్ల చున్నీ మొహం మీదికి లాక్కుని కూర్చుంది. వేరే ఊరి ఆసుపత్రికి వెళ్ళాం. అక్కడ లేడీ డాక్టరు పెళ్ళి మాటే ఎత్తలేదు. వయసు కాగితం చూశారు, ఎన్ని వారాలో చూశారు, సమ్మతి ఫారం ఆ అమ్మాయికే ఇచ్చి చదువుకోమన్నారు. నన్ను బయటికి పంపి ఆ పిల్లతో ఒంటరిగా మాట్లాడారు, ఎవరి బలవంతమైనా ఉందేమోనని. నన్ను కూడా బయటికి పంపడం నాకు బాగా నచ్చింది. ఒకే జిల్లాలో, ఒకే చట్టం కింద ఉన్న రెండు ఆసుపత్రులు ఇవి. మైనరు పిల్ల అయితే దారి వేరు, గార్డియన్ సమ్మతి కావాలి, పిల్లల మీద లైంగిక నేరాలకు పెట్టిన పోక్సో చట్టం ఉంది. అలాంటివి వస్తే మేం చేతులు పెట్టం, సిస్టర్ గారే చూస్తారు.

వానాకాలం వచ్చిందంటే మా పనే మారిపోతుంది. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదావరి నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. మొదటిది పడేలోపే నెలలు నిండినవాళ్ళు రేవు దాటాలి. పి.గన్నవరం వైపు లంకల్లో వేసవిలో నది పాయ మీద మట్టిబాట వేసుకుంటారు, జులైలో కొత్తనీరు రాగానే అది కొట్టుకుపోతుంది, అక్కణ్ణుంచి పడవలే. 2022 జులైలో బ్యారేజీ నుంచి పాతిక లక్షల క్యూసెక్కులు దాటి వదిలినప్పుడు లంకలన్నీ నీళ్ళలో ఉన్నాయి. అధికారులు గర్భిణుల లిస్టు పట్టుకుని ముందే తరలిస్తారు, అది చాలా మంచి పని, కాదనను. లిస్టులో ఉన్నా కదలనివాళ్ళ దగ్గరకు మేం వెళతాం. కదలకపోవడానికి కారణం మొండితనం అనుకుంటారు చాలామంది. కాదు. గేదె ఉంది, పెద్దపిల్లను ఎవరి దగ్గర వదలాలి, ఆసుపత్రిలో డేటు కన్నా పది రోజులు ముందు వెళితే మంచం ఇస్తారా, ఇవ్వకపోతే ఎక్కడ పడుకోవాలి. ఇవీ వాళ్ళ ప్రశ్నలు. గేదెకు మేమేం చేయలేం గానీ, ఇవతలి ఒడ్డున మా వాళ్ళ ఇళ్ళల్లో రెండు గదులు ఖాళీ చేసి పెడతాం. పీచు పనికి వెళ్ళే పిన్ని ఇంట్లోనే ఎక్కువమంది ఉన్నారు. ఉన్నది రేకుల ఇల్లు, అయినా ఆవిడే ముందు చేయెత్తుతుంది.

మగవాళ్ళ గురించి కూడా రాయాలి, పెద్దగా ఏమీ లేకపోయినా. కత్తి పెట్టకుండా చేసే వేసెక్టమీకి పెద్ద కోతా కుట్టూ ఉండవు, కాసేపట్లో ఇంటికి వెళ్ళిపోవచ్చు, మూడు నెలల తర్వాత పరీక్ష చేయించుకునే దాకా మాత్రం వేరే జాగ్రత్త వాడాలి. ప్రభుత్వం ఇచ్చే డబ్బు కూడా ఆడవాళ్ళకన్నా ఎక్కువ. మా టీచరు గారి భర్త చేపల రేవు దగ్గర టీ బడ్డీలో ఈ మాట ఎత్తారు. "బరువులెత్తే పనండీ మాది" అన్నారంతా. వరి మోపులెత్తే ఆడవాళ్ళ సంగతి ఆయన అడిగితే టీ గ్లాసులు కడిగేయడం మొదలైందట. ఇంతవరకు ఒక్కరూ రాలేదు.

సంక్రాంతి ముందు రెండు నెలలు నేను ఎక్కడికీ వెళ్ళను, జాకెట్లు పేరుకుపోయి ఉంటాయి. ఈ పని ఎవరి సంసారాన్నీ నడపదు గదా. ఆ రెండు నెలలు మిగతావాళ్ళు సర్దుకుంటారు. ఈ మధ్యే ఇద్దరు డిగ్రీ అమ్మాయిలు చేరారు, ఓటీపీల గొడవ నాకన్నా బాగా చూస్తున్నారు. మేం అడుగుతున్నది ఇప్పుడు ఒకటే: తొమ్మిదో తారీఖున స్కానింగ్ డాక్టరు మా వైపు ఆరోగ్య కేంద్రానికి ఒక్క పూటైనా రావాలి. అర్జీ పెట్టాం. రసీదు ఇచ్చారు, జవాబు రావాలి.

ఈసారి తొమ్మిది ఆదివారం పడింది. సెలవైతే మర్నాడు చూస్తారు. సోమవారం రావాలని లంక వైపు వాళ్ళందరికీ ఫోన్లు చేయాలి, పడవ అతనికి కూడా.